గడ్డి మిషన్ ఆగితే

“రేపటి సంది నువ్వు గూడ రావాలె గడ్డికి,” అన్నాడు మా ఆయన గోవర్ధన్, తిన్న పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంటూ.

అడిగినట్టు కాదు, అలాగని ఆజ్ఞ వేసినట్టూ కాదు. ఉప్పు అయిపోయింది, తెప్పించు అన్నంత మామూలుగా అన్నాడు. నేను ఆ పళ్ళెం తీసుకుని పోయి నల్లా తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు నిలబడ్డాను. రేపటి నుంచి అంటే రేపు ఖుర్షీద్ ఆపా ఇంటికి పోయేది లేదు. ఎల్లుండీ లేదు. ఆ తర్వాత ఎప్పుడో కూడా తెలియదు.

“మిషన్ బాగయ్యేదాకనే,” అన్నాడు వెనక నుంచి, నా వీపు చూసే ఏదో అర్థమైనట్టు.

“ఎప్పుడైతది బాగు?”

“నాకేం ఎరుక? సాదిక్ భాయ్‌కే ఎరుకలేదు.”

మిషన్ అంటే గడ్డి కోసే మిషన్. మా ఇల్లు లాల్‌దర్వాజా గల్లీలో, బర్రెల కొట్టం ఛత్రినాకలో. పచ్చగడ్డి కోసం మూసీ ఒడ్డున, నాగోలు దిక్కు, ఒక మడి కౌలుకు పట్టుకున్నాం. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ మడిలో గడ్డి కోసింది నేనూ, మా అత్తమ్మ రుక్మాబాయీ. బిడ్డ గీతాంజలిని స్కూలుకు తోలి, ట్రాలీ ఆటో వెనక కూర్చుని పోయి, మధ్యాహ్నం దాకా వంగి కోసి, మోపులు కట్టి, ఆ మోపుల మీదే కూర్చుని వాపసు వచ్చేవాళ్ళం. ఆ పనికి ఒక పేరంటూ లేదు. “ఇంట్ల ఏం పనుంటది, బర్రెలే గద,” అనేవాడు గోవర్ధన్ చుట్టాల ముందు. ఒకసారి నా నడుము నొప్పికి డాక్టరు దగ్గరికి పోతే, “ఏం పని చేస్తారమ్మా?” అని ఆయన నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన “హౌస్‌వైఫ్ సార్” అన్నాడు. మూసీ ఒడ్డున మోకాలి లోతు బురదలో వంగినన్ని రోజులూ నేను ఎవరి ఇంట్లో ఉన్నట్టో నాకు అర్థం కాలేదు. మందుబిళ్ళలు తీసుకుని వచ్చేశాం.

పోయిన ఎండాకాలం అత్తమ్మ మోకాళ్ళు వంగలేమని మొరాయించాయి. అప్పుడు గోవర్ధన్ ఒక నర్సరీ వాళ్ళ దగ్గర పాత మిషన్ కొన్నాడు. పెట్రోలుతో నడుస్తుంది. పొడుగాటి గొట్టం, ఒక కొసన ఇంజను, రెండో కొసన గిర్రున తిరిగే నైలాన్ తాడు. భుజానికి బెల్టు తగిలించుకుని అటూ ఇటూ ఊపితే చాలు, గడ్డి పడుకుంటుంది. ఆ రోజు నుంచి మా గడ్డి పనికి పేరొచ్చింది. “గోవర్ధన్ మిషన్ మీద గడ్డి కోస్తుండంట” అని గల్లీ అంతా చెప్పుకున్నారు. నల్లద్దాలు పెట్టుకుని, మిషన్ భుజాన వేసుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టుకున్నాడు. చూడముచ్చటగానే ఉన్నాడు, అబద్ధమెందుకు. నేను ముచ్చటపడి హ్యాండిల్ ముట్టుకోబోతే మాత్రం, “ఏయ్, చేతులు తెగుతయ్!” అని అరిచాడు. ఇన్నేళ్ళు కొడవలి పట్టిన చేతుల మీద ఆయనకు అంత ప్రేమ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు మిషన్ సరిగ్గా నడవడం లేదు కాబట్టి ఆ పని మళ్ళీ నాదైంది. పెట్రోలు పోసినంతసేపూ మగపని, ఆగిపోతే ఆడపని. ఈ సంగతి ఎవరూ కూర్చుని తేల్చింది కాదు. ఇంట్లో అందరికీ పుట్టుకతోనే తెలిసినట్టుంది, అంతే.

ఖుర్షీద్ ఆపా సంగతి చెప్పాలి. నేను పుట్టింది షాద్‌నగర్ దిక్కు. కళ్ళముందు అక్షరం కనపడితే చదవకుండా ఉండలేకపోవడం నా చిన్ననాటి జబ్బు. బస్సు కిటికీ పక్కన కూర్చుంటే సిమెంటు కంపెనీల గోడరాతల దగ్గర్నుంచి ‘ఇక్కడ మూత్రం పోయరాదు’ దాకా అన్నీ పైకే చదివేదాన్ని. మా అమ్మ సిగ్గుతో నా నోరు మూసేది. పెళ్ళయి పాతబస్తీకి వచ్చాక సగం బోర్డులు నాకు అందకుండా పోయాయి. ఉర్దూ మాట్లాడటం తొందరగానే వచ్చింది. గాజుల దుకాణంలో బేరం, ఆటోవాడితో లొల్లి, అన్నీ అందులోనే చేస్తాను. అదే మాట గోడమీద రాసి ఉంటే మాత్రం ముక్క తెలిసేది కాదు. వాటిని చదవాలని ఉందని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు కదా, పేడ తీసేదానికి బోర్డులెందుకని.

ఆపా మా గల్లీ చివరింట్లో ఉంటుంది. రిటైరైన టీచరు, ఒక్కతే. ఆమెకు పాలు పోసేది నేనే. మిషన్ వచ్చిన కొత్తలో ఒకరోజు పాలు పోసి, ఆమె గోడకున్న పటంలోని ఉర్దూ రాత చూస్తూ నిలబడిపోయాను. “పఢ్నా హై క్యా?” అంది ఆమె. చదువుకుంటావా అని, చాయ్ తాగుతావా అన్నంత తేలిగ్గా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నన్ను అంతకు ముందు ఎవరూ ఏమన్నా కావాలా అని అడగలేదని కాదు. చీర కావాలా, బిర్యానీ కావాలా అని అడిగారు. ఇది వేరే.

ఆ రోజు నుంచి పొద్దటి పూట ఒక గంట నాది. గడ్డి కోసే వేళ గోవర్ధన్ మిషన్‌తో మడికి పోతాడు, నేను పలక పట్టుకుని ఆపా ఇంటికి పోతాను. నిజంగా పలకే, గీతాంజలి చిన్నప్పటిది. ఆ అక్షరాలున్నాయే, ఒంటరిగా ఉంటే ఒక రూపం, ముందు నిలబడితే ఇంకో రూపం, మధ్యలో ఇరుక్కుంటే మరో రూపం. అచ్చం ఇంటి కోడలిలాగే, పక్కన ఎవరుంటే వాళ్ళకు తగ్గట్టు వంగుతాయి. “ఆహిస్తా బేటా, జల్దీ కిస్ బాత్ కీ,” అనేది ఆపా. తొందరేముంది అని నాతో అన్న మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే.

నేను సొంతంగా చదివిన మొదటి బోర్డు శాలిబండ దారిలో ఉంది. ఇన్నేళ్ళుగా ఏదో గొప్ప మాట అనుకుంటూ దాని ముందు నుంచి పోయాను. కూడబలుక్కుని చదివితే, పంక్చర్! రోడ్డు మీదే పగలబడి నవ్వాను. ఇంటికొచ్చి చెబితే గోవర్ధన్, “గా ముచ్చట నన్నడిగితే చెప్పకపోదునా? టైర్లు వేలాడుతలేవా?” అన్నాడు. “ఉర్దూ సదివి ఏం జేస్తవే, చార్మినార్ కాడ దుకాణం పెడ్తవా?” అని కూడా అన్నాడు. అత్తమ్మ మాత్రం, “పోనీ తీ రా, ఒకరింటికి చాడీలు చెప్ప పోతలేదు గద,” అంది. అట్లా ఆ గంట నాకు దక్కింది. దాంతో లాభమేమిటని అడిగితే ఏమీ లేదు. ఆ గంటలో నేను ఎవరి పనీ చెయ్యను. దానికోసం పొద్దున పాలు పిండేటప్పటి నుంచే ఎదురుచూసేదాన్ని.

దసరా వెళ్ళీ వెళ్ళగానే మిషన్‌కు రోగం పట్టింది. ఇంజను పక్కనున్న స్టార్టరు తాడు లాగితే గుర్రుమని అందుకుంటుంది. కాసేపు బాగానే కోస్తుంది. తర్వాత గొంతు సన్నగిల్లి, దగ్గి, ఆగిపోతుంది. మా మెకానిక్ సాదిక్ భాయ్ ప్లగ్గు మార్చాడు, కార్బొరేటర్ ఊడదీసి కడిగాడు, కొత్త మిషన్‌లా తుడిచి ఇచ్చాడు. ఆయన దుకాణం ముందు పెట్రోలు పోసి లాగితే చక్కగా నడిచింది. మడిలోకి పోగానే మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారి తీసుకుపోతే, “మషీన్ ఠీక్ హై గోవర్ధన్ భాయ్, మీ మడిలనే ఏదో ఉంది,” అన్నాడట. ఆ కోపమంతా ఇంటికొచ్చింది. చారులో ఉప్పెక్కువైందని ఒకరోజు, గీతాంజలి టీవీ పెట్టిందని ఇంకోరోజు. చివరికి నా కొడవలి సాన పట్టించుకొచ్చి కొట్టం గడప మీద పెట్టాడు.

మర్నాడు పోయాను. పోకుండా ఎలా ఉంటాను? బర్రెలు ఆకలితో అరుస్తుంటే నేను పలక పట్టుకుని కూర్చోలేను కదా. మంచు తడికి గడ్డి బరువెక్కి ఉంది. నడుము మొదటి వంగుడులోనే కలుక్కుమంది. గోవర్ధన్ ఆఖరి ఆశగా మిషన్ కూడా తెచ్చాడు. లాగాడు, కోశాడు, ఆగింది. ‘పెట్రోలుందా లేదా’ అని మూత తిప్పి చూశాడు, ఉంది, మూత బిగించి మళ్ళీ లాగాడు. మళ్ళీ కాసేపు నడిచి ఆగింది. ఆగిన ప్రతిసారీ మూత తిప్పడం, పెట్రోలు చూడటం, తిట్టడం. భుజం పట్టేసినట్టుంది, మధ్యమధ్య చెయ్యి రుద్దుకుంటున్నాడు. జాలేసింది. అదొకటి నాతో. కోపం వచ్చినప్పుడు కూడా జాలి పక్కనే వచ్చి కూర్చుంటుంది, కోపాన్ని పూర్తిగా పడనివ్వదు.

“దీన్ని పాత సామాన్ల కబాడీకి ఏస్తా!” అని ట్రాలీలోకి విసిరేశాడు. “మన కొడవలే మంచిగుండె. దానికి ప్లగ్గు లేదు, గిగ్గు లేదు.”

కొడవలికి ప్లగ్గు లేదు, నిజమే. దాని వెనక నడుమొకటి ఉంటుంది. అది నాది కాబట్టి ఆయనకు గుర్తు రాలేదు.

మోపుల మీద కూర్చుని వస్తుంటే ఆపా నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. “నందినీ బేటా, ఆజ్ నహీ ఆయీ? తబియత్ తో ఠీక్ హై నా?” ఒంట్లో బాగానే ఉందా అని, ఇంకేం లేదు. ట్రాలీ చప్పుడులో ఫోను చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను. నేను రాలేదని ఒక చోట ఎవరో గమనించారు. ఇంట్లో నేను కనపడకపోతే చాయ్ కాలేదని తెలుస్తుంది. అక్కడ మాత్రం నేను రాలేదని తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ముందు కూర్చున్న ఆయనకు వినపడలేదు.

మధ్యాహ్నం గోవర్ధన్ దాణా తేవడానికి పోయాడు. కొట్టంలో అత్తమ్మా నేనూ. ట్రాలీలోంచి మిషన్‌ను కిందికి దింపి వాకిట్లో పెట్టాను.

“ఏం జేస్తున్నవే?” అంది అత్తమ్మ, పేడ చేతులతోనే వచ్చి.

“చూస్తున్న.”

“చూడు, ముట్టకు. వాడొచ్చి లొల్లి చేస్తడు.”

“కబాడీకి ఏస్తనన్నడు గద అత్తమ్మా. కబాడీ సామాను ముట్టుకుంటే ఎవలేమంటరు?”

ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పోయి బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ముట్టకని మళ్ళీ అనలేదు.

ఫోనులో ఒక వీడియో దొరికింది. ఉత్తరాది పిల్లవాడెవరో హిందీలో గడగడా చెబుతున్నాడు. మొదట పెట్రోలు పాతదేమో చూడమన్నాడు. ఉన్నది పారబోసి, ఆయిల్ కలిపిన కొత్త పెట్రోలు పోశాను. గాలి ఫిల్టరు చూడమన్నాడు. చిన్న స్పాంజి ముక్క, సబ్బునీళ్ళలో పిండి ఎండలో పెట్టాను. ప్లగ్గు విప్పమన్నాడు. దాన్ని విప్పేసరికి నా అరచెయ్యి ఎర్రబడింది, కానీ వచ్చింది. పాత గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించాను. ఇక తాడు లాగడం. మొదటి లాగుడుకు చప్పుడే లేదు. తర్వాత భుజం ఊడొచ్చేంత లాగితే ఒక్కసారి గుర్రుమంది! బర్రెలన్నీ తలలెత్తాయి. “అమ్మో అమ్మో!” అని అత్తమ్మ బకెట్ మీంచి లేచింది. నేను చిన్నపిల్లలా ఎగిరాను. ఎగిరిన సంతోషం తీరకముందే దాని గొంతు సన్నగిల్లింది, దగ్గింది, ఆగిపోయింది.

ఎంత లాగినా మళ్ళీ అందుకోలేదు. ఓపిక అయిపోయి దాని పక్కనే కూలబడ్డాను. “సాదిక్ భాయ్‌తోనే కాలేదు బిడ్డా, నీతోనేమైతది, లే,” అంది అత్తమ్మ. ఆమె మాటలో వెటకారం లేదు. నా ఫికర్ ఏమిటో ఆమెకు తెలుసు. పొద్దున నేను పలకను అటక మీదికి ఎత్తిపెడుతుంటే చూసింది.

దూడకు పాల వేళైంది. దాని తల్లికి పొదుగు వాపు, అందుకని సీసాతో పడుతున్నాం. సీసా నోట్లో పెట్టగానే అది ఆత్రంగా గుంజింది. గుంజగా గుంజగా ప్లాస్టిక్ సీసా పక్కలు లోపలికి పోయాయి, పాలు రావడం ఆగిపోయింది. దూడ తల విసిరింది. నేను అలవాటుగా సీసా బయటికి లాగాను. ‘సుయ్’ మని గాలి లోపలికి పోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తాగింది. రోజూ చేసే పనే. కానీ ఆ ‘సుయ్’ విని నా చెయ్యి అక్కడే ఆగింది. పొద్దున మడిలో గోవర్ధన్ మూత తిప్పినప్పుడల్లా ఇదే చప్పుడు వినపడింది. తిట్ల మధ్య నేను పట్టించుకోలేదు.

సీసా అత్తమ్మ చేతికిచ్చి వాకిట్లోకి పరిగెత్తాను. మిషన్ ట్యాంకు తెల్ల ప్లాస్టిక్‌ది. వేలితో తడిమితే దాని పక్కలు కొంచెం లోపలికి పోయి ఉన్నాయి. మూత తిప్పాను. సుయ్! ట్యాంకు మళ్ళీ ఉబ్బింది. మూత బిగించి తాడు లాగితే నడిచింది, కాసేపటికి ఆగింది. ఈసారి మూత కొంచెం వదులుగా పెట్టి, పెట్రోలు ఒలకకుండా మిషన్‌ను నేల మీద సమంగా పెట్టి లాగాను. నడిచింది. నడుస్తూనే ఉంది. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఎప్పుడు ఆగుతుందా అని చూశాను. ఆగలేదు. పెట్రోలు తాగుతోంది సరే, తాగినంత మేర లోపలికి గాలి పోవాలి కదా! ఆ గాలి పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది.

ఆపేసి మూత చేతిలోకి తీసుకున్నాను. నడిమధ్యలో బొట్టు. పసుపు, దానిమీద కుంకుమ, గుండీలా గట్టిపడి ఉంది. దసరా నాడు పెట్టిన బొట్టు. పనిముట్లన్నిటికీ ఆ రోజు అత్తమ్మే బొట్టు పెడుతుంది. ఆమెకొక పట్టింపు ఉంది: దేనికైనా నోటి దగ్గరే పెట్టాలి. పాలక్యాను మూతకు, ట్రాలీ పెట్రోలు మూతకు, దాణా డబ్బా మూతకు. నోటికి పెడితే కడుపు నిండుతుందట. పైగా దీపావళి తర్వాత వచ్చే బర్రెల పండగ, సదర్ దాకా ఆ బొట్టు చెదరకూడదని పసుపులో తుమ్మబంక కలుపుతుంది. కొంగు పిన్నీసు తీసి బొట్టు అంచును గీకాను. పెంకులా లేచి వచ్చింది. దాని కింద, మూత మధ్యలో, చీమ పట్టేంత చిన్న బొక్క. అందులో కూడా పసుపే.

సాదిక్ భాయ్ మిషన్‌ను నట్టు నట్టూ తుడిచి ఇచ్చాడు. బొట్టును మాత్రం తాకలేదు. పూజ చేసినదని, చుట్టూ గుడ్డ తిప్పి వదిలేశాడు. గోవర్ధన్ రోజూ ఆ మూతే తిప్పాడు, ఆయనా బొట్టు చెదరకుండా అంచులే పట్టుకుని తిప్పాడు. అందరూ దాన్ని అంత భద్రంగా చూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే వాళ్ళందరి మీదా ప్రేమ కూడా వచ్చింది.

తల ఎత్తి చూస్తే అత్తమ్మ మొహం పాలిపోయి ఉంది. దూడ సీసాను గుంజుతోంది, ఆమెకు పట్టలేదు.

“నా చేతుల్తోనే చేసిన్నా?” అంది. “వానికి ఎరుకైతే నన్ను బతకనియ్యడు నందూ.”

“ఏం గాదు అత్తమ్మా. బొక్క ఉందని నీకేం ఎరుక?”

“వాళ్ళ నాయిన గిట్లనే. పాలు ఇరిగితే నా చెయ్యి మంచిది గాదనెటోడు. బర్రె చూడి కట్టకపోతే నా చెయ్యే. గిప్పుడు ఇది గూడ.”

నేను పోయి ఆమె పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకున్నాను. వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి. పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాపుకోవు. ఇన్నేళ్ళు ఒకే కొట్టంలో పక్కపక్కన పని చేశాం గానీ వాటిని ఇలా పట్టుకుని చూసింది అదే మొదటిసారి. “చెయ్యి మంచిగనే ఉంది,” అన్నాను. ఆమె ముక్కు చీదింది. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“ఒక మాట చెప్త ఇను. మిషన్ నువ్వు బాగు చేసినవని వానికి చెప్పకు.”

“నీ బొట్టు మాట చెప్పను తీ.”

“నా బొట్టు గురించి కాదే! నీకు వస్తదని చెప్పకు.” దూడను పక్కకు నెట్టి నా వైపు తిరిగింది. “పెండ్లైన తెల్లారి మా అత్త నన్నడిగింది, పాలు పిండ వస్తదా పిల్లా అని. వస్తదని చెప్పిన. కొత్త కోడలిని గద, మెచ్చుకుంటదనుకున్న. గా పొద్దు బర్రె కింద కూసున్న, గిప్పటిదాక లెవ్వలే. నా తోటికోడలు నాకు రాదన్నది. దానికీ వచ్చు, లేకేం! రాదన్నది. దాని చేతులు చూడు పో, గిప్పటికి మల్లెమొగ్గలోలె ఉంటయ్. నువ్వు గూడ రాదను. మిషన్ దానంతట అదే నడిచిందని చెప్తం. వాడు గడ్డికి పోతడు, నువ్వు నీ టీచరమ్మ దగ్గరికి పోతవ్.”

ఆమె నాకోసం అబద్ధం ఆడటానికి సిద్ధపడింది. నా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె నాకు పెట్టిన గొప్ప సారె ఇదే అనిపించింది. సరేనన్నాను. బొక్కలోని పసుపును పిన్నీసుతో గుచ్చి తీసి, మూత గట్టిగా బిగించి, ఆగకుండా నడిచేదాకా చూసి ఆపేశాను.

గోవర్ధన్ దాణా బస్తాలు దింపకముందే అడిగాడు. “ఎవలు నడిపిన్రు మిషన్? చప్పుడు మూలమలుపు దాక ఇనొస్తుంది.”

“అదే నడిచింది రా,” అంది అత్తమ్మ. “పిల్ల జెర కదిలించింది. దానికి బుద్ధి పుట్టి నడిచింది.”

ఆయన నమ్మలేదు. తాడు లాగాడు. అందుకుంది. భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు, ఆగలేదు. గోడ వార పిచ్చిమొక్కలు కోశాడు, ఆగలేదు. ఆయన మొహం చూడాలి! పండగనాటి పిల్లవాడి మొహం. “నే చెప్పలే? దీనికి రెస్ట్ కావాల్నని!” అని అరిచాడు చప్పుడు మీంచి.

అక్కడితో ఊరుకోవచ్చు. నోరు మూసుకుంటే రేపు ఆపా ఇంటికి పోవచ్చు, ఎవరితో లొల్లి లేదు. కానీ ఆయనను అలా చూస్తుంటే నా లోపల ఏదో సర్దుకోలేదు. మిషన్ నడిచింది కాబట్టి నాకు గంట దొరికింది. వచ్చే నెల తాడు తెగితే? ఇంజను మొత్తానికే పోతే? అప్పుడు మళ్ళీ ఒక మాట వస్తుంది, నేను మళ్ళీ పలకను అటకెక్కిస్తాను. పాత ఇంజను మీద ఆధారపడిన గంట నాదెట్లా అవుతుంది? అదీగాక, రాదు అని చెప్పి తప్పించుకోవడం నాకు రుచించలేదు. అరచెయ్యి ఎర్రగా కందేదాకా ప్లగ్గు విప్పాను. నాకొచ్చిన దాన్ని రాదని నేనే అంటే ఇంక ఎవరు వచ్చునంటారు? అత్తమ్మ తోటికోడలి మీద నాకు కోపం లేదు. ఆమెకు దొరికిన దారి అదొక్కటే. నాకు ఇంకోటి కావాలి.

ఆయన ఇంజను ఆపగానే చెప్పాను. “రెస్ట్ గాదు. మూతకు గాలి పోయే బొక్క ఉంటది. అది మూసుకపోయింది. నేను తీసిన.”

“నువ్వా?”

“నేనే. ప్లగ్గు గూడ ఇప్పిన. ఫిల్టర్ కడిగిన.”

అత్తమ్మ తల కొట్టుకున్నంత పని చేసింది. గోవర్ధన్ మూత తిప్పి చూశాడు, నన్ను చూశాడు, ఒక్కసారిగా నవ్వాడు. “అరె వాహ్! ఇగ సాదిక్ భాయ్ దుకాణం బంద్!” అన్నాడు. నిజమైన మెప్పే. నా గుండె నిండింది కూడా, దాచడమెందుకు. కానీ ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అన్నాడు, “మంచిగైంది తీ. నీకు వస్తది కాబట్టి రేపటి సంది మిషన్ నువ్వే తీస్కపో. నేను గంతలోపల ఇంకో నాలుగిండ్లకు పాలు పోసొస్తా.”

అత్తమ్మ నా వైపు చూసిన చూపులో ‘చెప్పలేదా’ అని ఉంది.

“నాకు వస్తది,” అన్నాను. “గని నేను పోను.”

“ఎందుకు పోవు? వస్తదంటివి గద?”

“వచ్చిన పనల్లా నాదేనా? నాకు శానా వస్తయ్. అన్నిటికీ నేనే పోతే నాకంటూ ఏం మిగుల్తది? పొద్దటి పూట ఆ గంట ఆపా ఇంటికి పోతా. మిషన్ నడిచినా పోతా, ఆగినా పోతా. ఆగితే ఏం జెయ్యాల్నో నీకు చూపిస్త, నేర్చుకో.”

“ఉర్దూ కోసం బర్రెలను ఉపాసం పెడ్తవా?” గొంతు పెరిగింది.

“బర్రెలు మన అందరియి. గా గంట నా ఒక్కదానిది.”

ఆయన ఏదో అనబోయాడు. ఈలోపు అత్తమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా నడిచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. “మూతకు బొట్టు పెట్టి బొక్క మూసింది నేను రా. లొల్లి చేస్తే నా మీద చెయ్యి. పిల్లను పోనియ్యి,” అంది. దాచమని నన్ను బతిమాలిన మనిషి, తన నోటితో తనే చెప్పింది.

గోవర్ధన్ తల్లిని చూశాడు. ఇంటి ఆడవాళ్ళిద్దరూ ఒకే పక్కన నిలబడటం ఆయనకు కొత్త. మాకూ కొత్తే. భుజం మీంచి బెల్టు తీసి మిషన్‌ను గోడకు ఆనించాడు. బస్తా మీద కూర్చున్నాడు. చెయ్యి రుద్దుకుంటూ, తోక విసురుకుంటున్న బర్రెల దిక్కు చూశాడు. కోపం దిగుతోందా, ఎక్కుతోందా నాకు తెలియలేదు. ఏదైనా సరే అనుకున్నాను. అన్న మాట వెనక్కి తీసుకునేది లేదు.

చివరికి, నా మొహం చూడకుండానే, మెల్లగా అడిగాడు. వెటకారం లేదు.

“ఇంతకు ఎంతదాక వచ్చింది నీ సదువు?”

ఇన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి. నా కళ్ళు నిండాయి. అయినా స్పష్టంగా చెప్పాను.

“ఇంకా మస్తు ఉన్నది. దినాం పోవాలె.”